ఆరో ముక్కలో నీళ్లు

ఏప్రిల్ 7

అన్నయ్యా,

ఫోన్లో అయితే మనిద్దరం మూడో మాటకే అరుచుకుంటాం. అందుకే రాస్తున్నాను. కాగితం మీద నువ్వు నన్ను మధ్యలో ఆపలేవు.

మొన్నటితో కొండబాటలో ఐదో ముక్క పూర్తి చేశాం. మొత్తం పదిహేడు ముక్కలు, నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు. బడి సెలవులు దొరికినప్పుడల్లా ఒక్కో ముక్క, మూడేసి రోజులు. ఈ లెక్కన ఆఖరి ముక్కకి వచ్చేసరికి మా పెద్దది కాలేజీలో ఉంటుంది, బుడ్డోడికి మీసాలొస్తాయి. మీ బావగారు ఎప్పట్లాగే మోకాలి పేరు చెప్పి ఇంట్లో ఉండిపోయారు.

నడక బాగుంది. నడిచేవాళ్లే బాగాలేరు. వాగు పక్కన డేరా వేద్దామంటే శుభ్రమైన చోటు ఒక్కటీ లేదు. మాకంటే ముందు దిగినవాళ్లు పసిపిల్లల డైపర్లు ఉండలు చుట్టి రాళ్ల కింద దాచిపెట్టి పోయారు. దాచారంటే సిగ్గయితే ఉందన్నమాట, మోసుకెళ్లే ఓపికే లేదు. బుడ్డోడు ఒక రాయి ఎత్తి, "అమ్మా, గుడ్డు!" అని రెండు చేతులతో తీశాడు. ఆ చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగాను. అయినా ఆ పూట వాడికి ముద్దలు నేనే పెట్టాను. పెద్దది ముక్కుకి గుడ్డ కట్టుకుని ఒక సంచీ నిండా చెత్త ఏరింది. ఏరినంతసేపూ తిట్టింది. పన్నెండేళ్ల పిల్లకి అన్ని తిట్లు ఎక్కడివో నాకు తెలియదు. నేను ఆపలేదు. నా బదులు కూడా అదే తిట్టేస్తోంది కదా అనుకున్నాను.

అసలు సంగతి ఇది. మీ గువ్వ నాకు ఫోన్ చేసింది. వదినే కలిపి ఇచ్చింది. మా ఇద్దరూ కథలు చెప్పి చెప్పి దాన్ని ఊరించారు. మే మొదటి వారంలో ఆరో ముక్క. పంపుతావా? తొమ్మిదేళ్లొచ్చాయి, నడవగలదు. పంపనని చెప్పాలనుకుంటే వదినకి చెప్పుకో, నాకు కాదు.

నీ చెల్లి

ఏప్రిల్ 15

చెల్లాయ్,

నీ ఉత్తరం పొద్దున్నే తింటూ చదివాను. గుడ్డు దగ్గరికి వచ్చేసరికి ప్లేటు పక్కకి నెట్టేశాను. మీ వదిన "ఏమైంది?" అంటే చదివి వినిపించాను. ఆవిడా నెట్టేసింది.

చేతిడబ్బు పెట్టి మరీ అంత రోతలో పడుకోవడం ఏం సరదానో నాకు ఈ జన్మకి అర్థం కాదు. ఇరవై రెండేళ్లుగా హోటళ్ల వంటిళ్లు తనిఖీ చేస్తున్నవాణ్ని, నాకు ఆఫీసులో దొరికేది చాలు. పోయిన వారం ఒక హోటలు. ముందు గాజు తలుపులు, గోడ మీద అద్దం బిగించి "శుభ్రతే మా ప్రాణం" అని బంగారు అక్షరాలు. వెనక్కి వెళ్లాను. నేల తుడిచిన గుడ్డని పిండి కలిపే బల్ల పైన దండెం మీద ఆరేశారు. నీళ్లు చుక్కచుక్కగా పిండిలో పడుతున్నాయి. వంటమనిషి మెడ తుడుచుకున్న తువ్వాలుతోనే ప్లేట్లు తుడుస్తున్నాడు. యజమాని పళ్లికిలించి, "ఈసారికి చూసీ చూడనట్టు పోండి సార్" అన్నాడు. తాళం వేసి సీలు కొట్టి వచ్చాను. బయట ఒకటి రాసుకుని లోపల ఇంకోటి చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇది చాలదన్నట్టు ఈ ఏడాది కొండల్లో నడిచేవాళ్లు దిగే విడిదుల తనిఖీ కూడా తెచ్చి మా నెత్తిన రుద్దారు. ఆఫీసులో ఉన్నది ఇద్దరం. అదీ ఎలాగో అయిందనిపించాను.

గువ్వ నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. మీ వదినా దాని పక్షమే. పంపుతున్నాను. కానీ నీళ్లు మరిగించకుండా దాని నోట్లో చుక్క కూడా పడకూడదు. చెప్పుల్లేకుండా తిరగనివ్వకు. రాళ్లు ఎత్తనివ్వకు.

అన్నయ్య

మే 10

అన్నయ్యా,

నీ కూతుర్ని చెక్కుచెదరకుండా బస్సెక్కించాను. బస్సులో కాస్త డల్‌గా ఉంది, వెళ్లలేక వెళ్తోంది పాపం.

మూడు రోజుల్లో ముప్పై నాలుగు కిలోమీటర్లు నడిచింది తెలుసా? మొదటిరోజు "ఇంకెంత దూరం అత్తయ్యా" అని నలభైసార్లు అడిగింది. రెండోరోజు నుంచి బుడ్డోణ్ని "దా, దా, ఇంకొంచెమే" అని లాక్కెళ్లింది. డేరా మేకులు అదే కొట్టింది. రాళ్లు ఎత్తలేదు, నీ మీద ఒట్టు.

రెండోరోజు విడిదిలో దిగాం. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, వెనక నీళ్ల ట్యాంకు. చూసుకునేది ఒకావిడ, పిల్లలు ఆవిడకి విడిదమ్మ అని పేరు పెట్టేశారు. ఆవిడ తుడుస్తూనే ఉంది గానీ, వచ్చేవాళ్లకి ఏ రోగమో! గోడల నిండా పేర్లు, గుండెలు, బాణాలు. పాయిఖానా సంగతి రాయను, మళ్లీ నువ్వు ప్లేటు నెట్టేస్తావు. పక్క బల్ల మీద దిగిన కుర్రాళ్లు కోడిబొమికలు ఎక్కడ తిన్నారో అక్కడే వదిలేసి, వాటి మధ్యే కాళ్లు చాపుకుని పడుకున్నారు. పొద్దున చూస్తే బొమికల నిండా చీమలు, ఒకడి చెవి మీద కూడా. నాకు జాలి వెయ్యలేదు.

అక్కడే మా స్టవ్ గ్యాస్ అయిపోయింది. మూత సరిగ్గా బిగించలేదు, తప్పు నాదే. నీ షరతు గుర్తుంది. కానీ ట్యాంకు పక్క గోడకి తనిఖీ పత్రం అంటించి ఉంది, ఈ నీళ్లు తాగవచ్చు అని, గుండ్రటి ముద్రతో సహా. చీకటి పడుతోంది, దూరం నుంచే చూసి సీసాలు నింపేశాం. నువ్వు చేసే ఉద్యోగం ఇంకెవరో ఇక్కడ చేశారన్నమాట అనుకున్నాను. అందరూ కడుపునిండా తాగారు. గువ్వ రెండు సీసాలు.

ఏడో ముక్కకి కూడా వస్తానంది. వదినకి చెప్పు.

నీ చెల్లి

మే 14

చెల్లీ,

గువ్వ ఆసుపత్రిలో ఉంది. ఇవాళ మూడోరోజు. వాంతులు, విరేచనాలు, చలిజ్వరం. నీళ్లు తాగిస్తే నీళ్లే బయటికొచ్చేస్తున్నాయి. చేతికి సెలైను సూది పెట్టారు, రక్తనాళం దొరక్క నాలుగుచోట్ల పొడిచారు. కళ్లు గుంటలు పడ్డాయి. మొన్న సాయంత్రం నన్ను గుర్తుపట్టలేదు.

నీ ఉత్తరం ఆసుపత్రి వరండాలో చదివాను. గోడకి అంటించిన కాగితం చూసి తాగించావా? నలభైకి దగ్గరపడ్డావు, గోడ మీద కాగితాన్ని నమ్మే వయసా నీది? అలాంటి కాగితాలు ఎవరు ఎలా రాస్తారో నీకేం తెలుసు? ఒక్క మాట చెప్పాను, నీళ్లు మరిగించమని. ఒక్క మాట. నీకు స్టవ్ మూత బిగించడం చేతకాలేదు.

నీ పిల్లలకేం అయ్యుండదులే. డైపర్లు పట్టుకుని ఆడుకునే పిల్లలు, అలవాటు పడిపోయి ఉంటారు. నా కూతురు అలా పెరగలేదు. ప్రకృతి, నడక, ఆకాశం అని కబుర్లు చెప్పి, తీసుకెళ్లి మురికి తాగించి పంపావు. నీ కొండలూ నీ డేరాలూ తలుచుకుంటేనే నాకు వాంతి వస్తోంది.

మీ వదిన నీతో మాట్లాడనంటోంది. ఫోన్ చెయ్యకు.

అన్నయ్య

మే 19

అన్నయ్యా,

ఆసుపత్రికి ఫోన్ చేసి నర్సుని అడుగుతున్నాను, రోజుకి రెండుసార్లు. నిన్న గంజి తాగిందట, నిలిచిందట. అది విన్నాకే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

నువ్వన్న మాటలన్నీ పడతాను. స్టవ్ మూత నేను బిగించలేదు. కానీ నా పిల్లలకేం కాలేదని ఎవరు చెప్పారు? బుడ్డోడు ఆరు రోజులు మంచం మీదే. పెద్దది బాత్‌రూమ్ గుమ్మంలో పడిపోయింది. నేను మా కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తూ మిషన్ మీదే కక్కుకున్నాను. చెప్పలేదు. నీకు ఉన్న బాధ చాలని.

కాళ్లలో కాస్త బలం రాగానే ఆదివారం ఒక్కదాన్నే ఆ విడిదికి వెళ్లాను. విడిదమ్మ నన్ను చూడగానే, "పిల్లలెలా ఉన్నారమ్మా?" అంది. ఆ వారం అక్కడ దిగినవాళ్లలో పదకొండుమంది పడిపోయారట. ట్యాంకు చూపించమన్నాను. మూత సగం విరిగిపోయి ఉంది. నిచ్చెనెక్కి లోపలికి చూశాను. నీళ్ల మీద నూనె తేలినట్టు రంగులు. ఎలుకలు, మూడు, ఉబ్బి, వెంట్రుకలు ఊడిపోయి తెల్లగా. ఒకదాన్ని ఎలుక అని గుర్తుపట్టింది తోకని బట్టే. పాయిఖానా గుంట ట్యాంకు కంటే ఎత్తులో ఉంది, పగిలింది, తడి గోడ వెంబడి ట్యాంకు దాకా దిగుతోంది. ఆ కంపు ఇంకా నా జుట్టులో ఉన్నట్టే ఉంది. మూత విరిగిందని ఆవిడ నాలుగుసార్లు పైకి రాసుకుంది.

ఇప్పుడు అసలు మాట. ఆ తనిఖీ పత్రాన్ని దగ్గరికెళ్లి చదివాను. కింద నీ పేరు, నీ సంతకం. నా ప్రోగ్రెస్ కార్డుల మీద నాన్న సంతకం నువ్వే పెట్టేవాడివి కదా, నీ చెయ్యి నాకు తెలియదా! ఎవడో వెధవ నీ సంతకాన్ని అచ్చు గుద్దినట్టు దించాడు. నీ పేరు చెప్పి, నీ బిడ్డకే ఆ నీళ్లు తాగించారు. వెంటనే పట్టుకో వాణ్ని. నీ ఉద్యోగానికే ముప్పు. నా కోసం కాదు, గువ్వ కోసం.

నీ చెల్లి

మే 23

చెల్లాయ్,

గువ్వ నిన్న ఇంటికొచ్చింది. నాలుగు కిలోలు తగ్గింది. అన్నం చూస్తే మొహం తిప్పుకుంటోంది.

పిల్లలకి బాగాలేదని నువ్వు ముందే చెప్పాల్సింది. కోపంలో ఏదో రాశాను, మనసులో పెట్టుకోకు.

ఆ కాగితం సంగతి నాకు వదిలెయ్. ఎవరితోనూ అనకు. మీ వదినతో అసలు అనకు, ఇప్పటికే నలిగిపోయి ఉంది. విడిదిలో ట్యాంకు కడగడం చూసుకునే మనిషి బాధ్యత. పైవాళ్లకి రాయాల్సింది రాశాను, చర్య తీసుకుంటారు.

ఎండలు ముదిరాయి. ఇక్కడ ఆఫీసులో ఫ్యాను పాడయింది, బాగుచేసేవాడు రేపు రేపు అంటూ తిప్పుతున్నాడు.

అన్నయ్య

మే 31

అన్నయ్యా,

విడిదమ్మని పనిలోంచి తీసేశారు. తొమ్మిదేళ్లు చేసిందట అక్కడ. సామాను రెండు సంచుల్లో సర్దుకుని కొండ దిగి, దారి అడుగుతూ మా షాపుకొచ్చింది. వెళ్లిన రోజు నా చిరునామా ఇచ్చి వచ్చాను. తీసేసిన కాగితం నా చేతిలో పెట్టి, "నువ్వే చదివి చెప్పమ్మా, ఇందులో నేనేం చేశానని ఉంది?" అంది.

చదివాను. "ఆరోగ్య తనిఖీ అధికారి నివేదిక ప్రకారం" అని ఉంది. తనిఖీ చేసినప్పుడు ట్యాంకు శుభ్రంగానే ఉందట, ఆ తర్వాత ఈవిడ అశ్రద్ధ వల్ల పాడయిందట. ఆ నివేదిక తేదీ మే 21. నేను రాసిన ఉత్తరం నీకు అందిన రోజో, మర్నాడో.

నేను ఆవిణ్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. తనిఖీకి ఎవరైనా వచ్చారా అని. "తొమ్మిదేళ్లలో ఎవరూ రాలేదమ్మా. మార్చిలో ఒక గుమాస్తా వచ్చి కాగితం అంటించి పోయాడు. ట్యాంకు చూడండయ్యా అంటే, చూసేశారులే అన్నాడు."

సంతకం ఎవడూ దించలేదు కదా అన్నయ్యా.

ఆ మాట తోచడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది. దొంగ సంతకం అని నేనే కథ అల్లి నీకు రాశాను, నువ్వు అది చదివి ఊరుకున్నావు. గాజు తలుపుల హోటలువాడి గురించి ఎంత అసహ్యంగా రాశావు! వాడు అడిగాడు, నువ్వు ఒప్పుకోలేదు. ఇక్కడ నిన్ను ఎవరూ అడగను కూడా అడగలేదు.

పెద్దది అంతా విని, "మావయ్య చూడకుండానే చూశానని రాశాడా?" అంది. అవునన్నాను. "మరి మనల్ని ఎందుకు తిట్టాడు?" అంది. అది నువ్వే చెప్పు.

నాకు కోపం రావడం లేదు. కోపమైతే అరిచి పారేసేదాన్ని. రోతగా ఉంది. ట్యాంకులోకి తొంగిచూసినప్పుడు గొంతులో ఏం పైకి వచ్చిందో, నీ అక్షరాలు చూస్తే అదే వస్తోంది.

జూన్ 9న విచారణ. పదకొండుమంది పడిపోయారు కాబట్టి పెట్టక తప్పలేదు. విడిదమ్మ వెంట నేను వెళ్తున్నాను. నువ్వు వచ్చి నీ నోటితో చెబితే నేను నోరెత్తను. రాకపోతే నేను చెబుతాను. ఆ తనిఖీ పత్రం నా దగ్గరే ఉంది, గోడ నుంచి పెచ్చుతో సహా ఊడబీకి తెచ్చింది ఆవిడ.

చెల్లి

జూన్ 4

చెల్లాయ్,

నిన్న ఆ విడిదికి వెళ్లాను. ఆఫీసు బూట్లతో. బస్సు దిగాక పదమూడు కిలోమీటర్లు. మధ్యలో రెండుచోట్ల కూర్చుండిపోయాను. నా కూతురు ఇదంతా నడిచిందా అనుకున్నాను.

విడిదికి తాళం వేసి ఉంది. వెనక్కి వెళ్లి నిచ్చెనెక్కాను. నువ్వు చూసినప్పుడు మూడు అన్నావు. ఇప్పుడు లెక్కపెట్టేలా లేవు, కలిసిపోయాయి. పురుగులు. మూత పట్టుకున్న చేతికి ఏదో జిగురు అంటుకుంది. అక్కడే, నిచ్చెన మీద నుంచే వాంతి చేసుకున్నాను. వంటిళ్లలో ఇంతకంటే ఘోరాలు చూశాను, ఎప్పుడూ కడుపు తిప్పలేదు. అవి వేరేవాళ్లవి కదా.

నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. ఫిబ్రవరి ఆఖర్లో ఒక మధ్యాహ్నం. గుమాస్తా ముప్పై ఒక్క ఫారాలు తెచ్చి బల్ల మీద పెట్టి, "రేపటికి పంపాలి సార్" అన్నాడు. నీళ్ల రంగు, వాసన, ట్యాంకు మూత, పాయిఖానా దూరం, అన్ని గళ్లలోనూ బాగుంది, బాగుంది, బాగుంది అని రాసుకుంటూ పోయాను. ఒక్కో దానికి ఒక్కో తేదీ వేశాను. అన్నీ ఒకే రోజు రాసినట్టు కనిపించకూడదని మధ్యలో మూడు పెన్నులు మార్చాను. ఆ పెన్నులు మార్చడమే నన్ను తినేస్తోంది చెల్లాయ్. బద్ధకంతో చేశాననుకుందామంటే, అంత శ్రద్ధగా చేశాను. నాలుగున్నరకి అయిపోయింది. టీ తాగి ఇంటికెళ్లాను.

ఏ విడిది ఎక్కడుందో కూడా చూడలేదు. అందుకే గువ్వని పంపేటప్పుడు గుర్తు రాలేదు. నీ రెండో ఉత్తరంలో కాగితం అని చదివినప్పుడు కూడా, నిజంగా, గుర్తు రాలేదు. నా సంతకం అని నువ్వు రాశాక వచ్చింది. అప్పుడు కూర్చుని ఆవిడ మీద నివేదిక రాశాను. అది కూడా మంచి దస్తూరీతో.

మీ వదినకి ఇంకా చెప్పలేదు. ఆవిడ ఇప్పటికీ నిన్నే తిడుతోంది. నేను వింటూ భోంచేస్తున్నాను.

తొమ్మిదో తారీఖున వస్తాను.

అన్నయ్య

జూన్ 11

అన్నయ్యా,

విచారణలో నువ్వు తల ఎత్తలేదు, అందుకని నువ్వు చూడనివి రాస్తున్నాను.

నువ్వు "ఆ విడిదికి నేను వెళ్లలేదు" అనగానే ముగ్గురు అధికారుల్లో మధ్యాయన పెన్ను కింద పెట్టేశాడు. "ఒక్క ఆ విడిదికేనా?" అని అడిగాడు. నువ్వు చేతిలో ఫైలు తాడు విప్పి మళ్లీ కట్టావు. ఆ కాసేపట్లో నేను నిన్ను మళ్లీ అసహ్యించుకున్నాను, ఇంకా దాస్తావేమోనని. తర్వాత "ముప్పై ఒకటికీ" అన్నావు. ఆయన పక్కాయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఆయన కూడా ఎన్ని కాగితాలు అలా రాశాడో అనిపించింది ఆ మొహం చూస్తే.

బయట నువ్వు విడిదమ్మ దగ్గరికొచ్చి చేతులు జోడించావు. ఆవిడ పక్కకి తప్పుకుని నీళ్ల కుళాయి దగ్గరికెళ్లి నిలబడింది. నువ్వు వెళ్లిపోయావు. ఆ తర్వాత ఒక కాగితం ఇచ్చారు ఆవిడకి, మళ్లీ పనిలో చేరమని. ఆవిడ తీసుకోలేదు. "మూత విరిగిందని రాశానే గానీ, లోపల ఏం పడిందో నిచ్చెనెక్కి నేనూ చూడలేదయ్యా. తొమ్మిదేళ్లు ఆ నీళ్లే తాగాను. ఇంక అటు వెళ్తే నాకు ముద్ద దిగదు" అంది. ఇప్పుడు మా షాపు వెనక కుట్టుమిషన్లామె దగ్గర కాజాలు కుడుతోంది.

నువ్వు చెప్పావని పిల్లలకి చెప్పాను. బుడ్డోడు "అయితే మావయ్య మంచోడా?" అన్నాడు. అన్నం తిను అన్నాను.

ఏడో ముక్కకి వెళ్తున్నాం, వచ్చే నెల. రెండు స్టవ్‌లు తీసుకెళ్తున్నాం. గువ్వని అడగను. దాని ఇష్టం, వదిన ఇష్టం.

నీ చెల్లి

జూన్ 22

చెల్లాయ్,

సస్పెండ్ చేశారు. బహుశా తీసేస్తారు కూడా. మిగతా ముప్పై విడిదులకీ నిజమైన తనిఖీ మొదలుపెట్టారు, ఇప్పటికే ఐదింటికి తాళాలు వేశారట.

మీ వదినకి అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నెలరోజులు నా చేత ఆడపడుచుని తిట్టించావు" అంది, అంతే. మర్నాడు పొద్దున నీకు ఫోన్ చేసిందని తెలిసింది. మీరేం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

గువ్వకి నేనే చెప్పాలంది. చెప్పాను. నిన్న మధ్యాహ్నం మంచం మీద కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది. పక్కన కూర్చుని, "నువ్వు తాగిన నీళ్లు బాగున్నాయని రాసింది నేనే, చూడకుండా రాశాను" అన్నాను. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. పని ఎక్కువని, ఆఫీసులో ఇద్దరమే అని. నోట్లోంచి రాలేదు. అది బొమ్మకి రంగు వేస్తూనే ఉంది. అర్థమైందా అని అడిగాను. ఊఁ అంది.

కాసేపటికి "దాహం" అంది. వంటింట్లోకి పరుగెత్తాను. పొద్దున మరిగించి, వడకట్టి, చల్లార్చిన నీళ్లు. గ్లాసు రెండుసార్లు కడిగి, నిండా పోసి తెచ్చి ఇచ్చాను.

అందుకుంది. తాగలేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. వెలుతురుకి ఎత్తి లోపలికి చూసింది. తర్వాత మంచం దిగి, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఒలకకుండా నడుచుకుంటూ వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి అడిగింది:

"అమ్మా, నాన్న ఇచ్చాడు. తాగొచ్చా?"

అన్నయ్య